కోల్‌కతా ప్రైడ్ వాక్

కోల్‌కతా ప్రైడ్ వాక్: స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్‌జెండర్లు, వారి మిత్రులు కోల్‌కతా వీధుల్లో జరిపే నడక. దక్షిణాసియాలో ఇలాంటి నడకల్లో మొదటిదిగా దీన్ని చెబుతారు.

1999 జూలై 2న, వానల రోజుల్లో, పదిహేను మంది పసుపుపచ్చ టీషర్టులు తొడుక్కుని పార్క్ సర్కస్ దగ్గర నడక మొదలుపెట్టారు. పేరు ఫ్రెండ్‌షిప్ వాక్. వారిలో ఒక్క స్త్రీ కూడా లేదు. న్యూయార్క్ స్టోన్‌వాల్ బారులో 1969లో జరిగిన స్వలింగ ప్రేమికుల తిరుగుబాటుకు అది ముప్ఫయ్యో ఏడాది. స్వలింగ సంబంధాలను నేరంగా చూసే బ్రిటిష్ కాలపు 377 సెక్షన్ ఇంకా అమల్లో ఉండగా పట్టపగలు ముఖం దాచుకోకుండా నడవడం చిన్న సాహసం కాదు.

దానికి నేల సిద్ధం చేసింది 1993లో పుట్టిన కౌన్సెల్ క్లబ్ అనే బృందం, అది నడిపిన 'ప్రవర్తక్' పత్రిక. స్త్రీల బృందం శాఫో కూడా 1999లోనే ఏర్పడింది. రెండో నడక 2003లో జరిగింది. ఇటీవలి ఏళ్లలో డిసెంబరులో జరుగుతోంది.

పాశ్చాత్య నగరాల్లో ఈ ఉద్యమానికి బార్లు పుట్టిల్లు. కోల్‌కతాలో ఆ పాత్ర అడ్డాలనే కబుర్ల కూటములది, సినిమా ప్రదర్శనలది. 2007లో మొదలైన 'డైలాగ్స్' చిత్రోత్సవం అలాంటిదే. పార్క్ స్ట్రీట్ క్లబ్బుల తలుపు జేబు బరువును బట్టి తెరుచుకుంటుంది; దుర్గాపూజ రాత్రులు మాత్రం అందరివీ. 2015లో ఉత్తర కోల్‌కతా జయ్ మిత్ర స్ట్రీట్ పందిట్లో ట్రాన్స్‌జెండర్లు అర్ధనారీశ్వర రూపంలో దుర్గను నిలిపారు. ప్రతిమను మలిచింది శిల్పుల పేట కుమార్‌టులికి చెందిన మహిళా శిల్పి చైనా పాల్. ఈ నగరపు ఆదరణకు ఏ క్లబ్బు కన్నా ఆ పందిరే గట్టి సాక్ష్యం.

కోల్‌కతా వెలుపల, ఖరగ్‌పూర్‌కు దగ్గర్లోని ఝాడ్‌గ్రామ్ ప్రాంతంలో, మానిక్‌పాడా కాలేజీలో ట్రాన్స్‌జెండర్ అధ్యాపకురాలు మానబి బంద్యోపాధ్యాయ్ ఏళ్ల తరబడి అవమానాలు ఓర్చుకుంటూ బెంగాలీ బోధించారు. 2015లో కృష్ణనగర్ మహిళా కళాశాల ప్రిన్సిపాల్ అయ్యారు. దేశంలో కాలేజీ ప్రిన్సిపాల్ పదవికి చేరిన తొలి ట్రాన్స్‌జెండర్ ఆమే.

తొలి నడకకు సరిగ్గా పదేళ్లకు, 2009 జూలై 2న, ఢిల్లీ హైకోర్టు వయోజనుల పరస్పర సమ్మతి సంబంధాలను 377 నుంచి తప్పించింది. 2013లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. 2018 సెప్టెంబరు 6న తానే మళ్లీ ఆ స్వేచ్ఛనిచ్చింది. స్వలింగ జంటల పెళ్లి హక్కు కోసం హైదరాబాదులో ఉంటున్న సుప్రియో, అభయ్ జంట, మరికొందరు వేసిన పిటిషన్లపై 2023 అక్టోబరు 17న తీర్పు వచ్చింది. ఆ హక్కు ఇంకా దక్కలేదు.