ఖూన్‌బహా ఎవరి హక్కు?

పౌరుణ్ని దుష్మన్ దేశం చంపితే హుకూమత్ ఏం చేస్తుందో అందరికీ తెలుసు. దోస్త్ దేశం చంపితే? మావీ మర్మరా ఓడ తారీఖ్ చదివితే తెలుస్తుంది.

2010 మే 31 తెల్లవారుజామున, గాజాకు సాయం తీసుకెళ్తున్న ఆరు ఓడల కాఫిలాను ఇజ్రాయెల్ కమాండోలు అంతర్జాతీయ జలాల్లో అడ్డుకున్నారు. మావీ మర్మరా మీద తొమ్మిదిమంది చనిపోయారు. కోమాలోకి వెళ్లిన పదో మనిషి 2014లో కన్నుమూశాడు. అందరూ తుర్కీ వాళ్లే. వాళ్లలో 18 ఏళ్ల ఫుర్కాన్ దోగాన్ అమెరికా పౌరుడు కూడా. పుట్టింది న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్‌లో.

కడ్డీలతో దాడి చేశారు కాబట్టి ఆత్మరక్షణకే కాల్చామని ఇజ్రాయెల్ అంది. ఐక్యరాజ్యసమితి మానవహక్కుల మండలి పంపిన బృందం మాత్రం ఫుర్కాన్‌కు ఐదు తూటాలు తగిలాయనీ, ఒకటి దగ్గర నుంచి మొహం మీద కాల్చిందనీ రాసింది. ఆ బృందాన్ని పంపాలన్న తీర్మానానికి 32 దేశాలు సరేనన్నాయి, మూడు వద్దన్నాయి. ఆ మూడింట్లో అమెరికా ఒకటి. తన పౌరుడి ఖూన్ మీద తహకీకాత్ ఇజ్రాయెలే చేసుకోగలదంది.

తుర్కీ ఊరుకోలేదు. అది 1949లోనే ఇజ్రాయెల్‌ను గుర్తించిన ముస్లిం దేశం. 1996లో ఫౌజీ ఒప్పందం కూడా చేసుకుంది. అయినా తన రాయబారిని వెనక్కి పిలిచింది. 2011లో ఇజ్రాయెల్ రాయబారిని పంపేసి, ఫౌజీ ఒప్పందాలు ఆపేసింది. 2013లో నెతన్యాహు ఫోన్ చేసి మాఫీ అడిగాడు. మనవాళ్లంతా షాబాష్ అన్నారు.

2016 జూన్‌లో రెండు దేశాలకు సుల్హ్ కుదిరింది. ఇజ్రాయెల్ రెండు కోట్ల డాలర్లు ఇస్తుంది, దాని సైనికుల మీద తుర్కీలో కేసులు ఉండవు. డిసెంబర్‌లో ఇస్తాంబుల్ అదాలత్ కేసు కొట్టేసింది. డబ్బు వద్దు, ఇన్సాఫ్ కావాలన్న కుటుంబాల మాట చెల్లలేదు.

మన షరీఅత్‌లో ఖూన్‌బహా తీసుకోవాలా, మాఫ్ చేయాలా అనే ఇఖ్తియార్ మఖ్తూల్ వారిసులది. సూరా బనీ ఇస్రాయీల్ 33వ ఆయత్ ఆ అధికారం వాళ్లకే ఇచ్చింది. ఇక్కడ వారిసుల తరఫున హుకూమత్ సంతకం పెట్టేసింది. నా లెక్కలో అమెరికా అడగకుండా వదిలేసింది, తుర్కీ గట్టిగా అడిగి, చివర్లో వారిసుల తలుపు మూసేసింది. మొదటిదాన్ని మనం ఇన్నేళ్లుగా తిడుతూనే ఉన్నాం. రెండోదాని గురించి మన మజ్లిసుల్లో ఎవరూ ఎత్తరు.

మన పిల్లలు కూడా పాస్‌పోర్ట్ పట్టుకుని దోస్త్ దేశాల్లో బతుకుతున్నారు. అల్లాహ్ వాళ్లను సలామత్‌గా ఉంచాలి. ఏ హుకూమత్‌నైనా, అది మనకు నచ్చినదైనా సరే, ఒక్కటి అడగాలి: సంతకం పెట్టే ముందు అమ్మానాన్నల్ని అడిగారా?