నీటికొఱకు నేల దిగినవారు

పడమట నల్లమలకును తూర్పున వెలిగొండకును నడుమ, గిద్దలూరు మొదలుకొని కంభము మీదుగా మార్కాపురము వఱకు వ్యాపించిన సీమ ప్రధానముగా మెట్టనేల. వర్షము స్వల్పము, గుండ్లకమ్మ వంటి యేఱును ఏడాదిలో పెక్కు మాసములు ఇసుకయే చూపును. ఇట్టి చోట పాఱెడు నీటికి అడ్డుకట్ట వేయుట యొక విద్య, పాఱని నీటికై నేలలోనికి దిగుట వేఱొక విద్య. మొదటి విద్యకు శాసనములు కలవు. రెండవ విద్య చేతులనుండి చేతులకు నడచినదే గాని అక్షరములలోనికి రాలేదు.

గిద్దలూరునకు దక్షిణమున సగిలేటి లోయలోని పోరుమామిళ్ల చెఱువు కడ 1369 నాటి శాసన మొకటి కలదు. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెఱువును కట్టించుచు, మంచి తటాకమునకు వలయు పండ్రెండు సాధనములను అందు చెక్కించెను: జలశాస్త్ర మెఱిగిన విద్వాంసుడు, గట్టి మన్ను గల నేల, తీయని నీటి నది, ఇరుగడల కొండలు, చేరువలో రాతిగని మున్నగునవి. వేయిమంది కూలీలు రెండేండ్లు పాటుపడిరనియు, నూఱు బండ్లు రాళ్లను తోలెననియు అందే వ్రాసియున్నది. కంభము చెఱువన్ననో, రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డముగా సుమారు 57 అడుగుల ఎత్తున కట్ట కట్టి నిలిపినది. కృష్ణదేవరాయల దేవేరి వరదరాజమ్మ దానిని కట్టించెనని ప్రతీతి. 2020లో ఆ రెండు చెఱువులును అంతర్జాతీయ వారసత్వ నీటిపారుదల కట్టడముల పట్టికలో చేరినవి.

చెఱువు క్రింద భూమి లేని రైతునకు బావియే దిక్కు. ఈ సీమ అడుగున నున్నది పలకరాయి. మార్కాపురమునకు పేరు తెచ్చిన రాయి అదియే. అది పొరలు పొరలుగా చీలును గాని నీటిలో కరగదు. కావున నీరు రాతియందు గాక, దాని పగుళ్లలో మాత్రమే దాగియుండును. పగులు తగిలినచోట నూతివారు "జల పడిన"దందురు. తూర్పు జల, పడమటి జల యని దిక్కును బట్టి వానిని గుర్తింతురు. ఎక్కువ జలలు తగులవలెననియు, రాత్రియంతయు ఊరిన నీరు ప్రొద్దుటికి నిలువయుండవలెననియు ఇచ్చటి సేద్యపు బావులను వెడల్పుగా త్రవ్విరి. గునపముతో మన్నును పెకలించి, రాయి తగిలినప్పుడు తోటాలు పేల్చి, తట్టలతో పైకి మోసిన పని ముఖ్యముగా ఒడ్డెలది. 1876–78 నాటి మహాక్షామము పిమ్మట, 1883లో భూమి అభివృద్ధి ఋణముల చట్టము వచ్చి, బావి త్రవ్వుకొను రైతునకు ప్రభుత్వపు అప్పు దొరకు దారి యేర్పడెను. దేశమందలి బడిపిల్లలకు పలకలు పంపిన ఈ సీమ తన బావులు త్రవ్వినవారి పేళ్లను ఒక్క పలకమీదనైనను వ్రాసికొనలేదు.

నీరు నిండిన పాతబావిలోనికి దిగుట త్రవ్వుటకంటె కఠినమైన పని. కడవ జాఱిపడినచో పాతాళగరిగెతో తీయవచ్చును. ఇనుప కడియమునకు చుట్టును కొక్కెములు వ్రేలాడు ఆ పనిముట్టును త్రాటికి కట్టి అడుగున త్రిప్పుచుండగా, ఏదో యొక కొక్కెమునకు కడవ అంచు తగులుకొనును. దానికి అందనిచో మనిషియే మునుగవలెను. పూడిక తీయువారు ముందుగా దీపమును మోకుతో దించి చూతురు; దీపము కొండెక్కినచో అడుగున చెడుగాలి నిలిచియున్నదని తెలిసికొని, వేపమండలను కట్టి పైకిని క్రిందికిని ఆడించి, గాలి మాఱిన తరువాతనే కాలు పెట్టుదురు. నడుమునకు మోకు బిగించుకొన్న గజ ఈతగాడు లోపలికి పోగా, గట్టుమీదివాడు ఆ మోకు కదలికను బట్టి లోపలివాని క్షేమమును గ్రహించును.

నల్లమలకు ఆవల రాయి మాఱును, దానితోపాటు మనిషి దిగు తీరును మాఱును. అచ్చటి సున్నపురాతిని నీరు మెల్లమెల్లగా కరగించి తన త్రోవను గుహలుగా తానే తొలుచుకొన్నది. 1970లో ఒంగోలు జిల్లా యేర్పడువఱకును మార్కాపురము, గిద్దలూరు, కంభము కర్నూలు జిల్లాలోనివే గనుక, ఆ గుహలును ఈ బావులును ఒకే కలెక్టరు ఏలుబడిలో నుండెను. 1884లో భూగర్భశాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్ బెలుము గుహలను గూర్చి వ్రాసెను. ఆ కాలముననే బేతంచర్ల చెంతనున్న బిల్లసర్గము గుహలలో ఆయనయు ఆయన కుమారుడును త్రవ్వకములు జరిపిరి. పిమ్మట ఇంచుమించు నూఱేండ్లు బెలుమును పట్టించుకొన్న శోధకుడు లేడు. 1982, 1983 సంవత్సరములలో డేనియల్ గెబావర్ నాయకత్వమున వచ్చిన జర్మన్ గుహాశోధకులు లోపలి దారులను వివరముగా శోధించిరి. నేడు ఆ గుహల పొడవు 3,229 మీటర్లుగా లెక్కకెక్కినది. నేలమట్టమున బావులవలె కానవచ్చు గుంటలే వానికి ద్వారములు. ప్రవేశమునుండి 46 మీటర్ల లోతున పాతాళగంగ యను సన్నని సెలయేఱు పాఱి రాళ్లలో మాయమగును. అది సుమారు రెండు కిలోమీటర్ల దూరమున నున్న బెలుము గ్రామపు బావికి చేరునని నమ్మిక.

గుహాశోధకునకును నూతివానికిని కావలసినవి త్రాడు, దీపము, గాలి విషయమున జాగ్రత్త, పైనున్న తోడు. భేద మెచ్చట నున్నదనగా, శోధకుడు తాను చూచినదానిని కొలిచి పటముగా గీసి పదిమందికి అందించెను. నూతివాని యెఱుక ఆతని తోడనే పోయెను.

ఎద్దులు లాగు కపిల పోయి కరెంటు మోటారు వచ్చెను, దాని వెనుక బోరు వచ్చెను. జలమట్టము క్రిందికి జాఱినకొలది పాతబావులు ఎండి, పెక్కు బావులు చెత్తకుండీలైనవి. లోతుబోర్ల నీటిలో ఫ్లోరైడు ఈ ప్రాంతపు జనుల ఎముకలను పీడించుచున్నది. శ్రీశైలము జలాశయమునుండి కృష్ణనీటిని తెచ్చుటకై వెలిగొండ ప్రాజెక్టువారు నల్లమల గర్భమున ఒక్కొక్కటి పందొమ్మిది కిలోమీటర్లకు చేరువైన సొరంగములను రెంటిని త్రవ్వించిరి. ఆ నీరు పొలమునకు చేరినను, కాలువ అందని మిట్టకు మరల ఆ పాత బావియే గతి. అందుచేత బెలుమును కొలిచిన శ్రద్ధతో ఈ బావులలోనికిని దిగి, లోతెంత, ఏ దిక్కున జల యున్నది, ఏ నెలలో నీరెంత నిలుచునన్నది ఊరూరను వ్రాసికొనుట యుక్తము. పూడిక తీసిన ముదుసలులు కొందఱు ఇంకను ఉన్నారు గనుక, ఆ పని వారిని అడుగుటతో మొదలుపెట్టవచ్చును.