వరి తిన్నోళ్లకూ జబ్బొచ్చింది, జొన్న తిన్నోళ్లకూ జబ్బొచ్చింది

ఈ పోస్టు కొంచెం పెద్దది. మధ్యాహ్నం చెట్టు కింద కూర్చున్నప్పుడు నిదానంగా చదవండి.

పోయిన నెల మా కోడలికి రక్తపరీక్ష చేస్తే 8 అని వచ్చింది. కడుపుతో ఉన్న మనిషి, కనీసం 11 ఉండాల. నర్సమ్మ "ఇంట్లో ఏం తింటారు?" అని అడిగితే మా ఇంట్లో ఎవరికీ మాట రాలేదు. ఈ పేజీలో "జొన్నకు తిరిగి వస్తే అన్ని జబ్బులు పోతాయి" అని రాసినోణ్ణి నేనే. అందుకే ఈ సంగతి కుదురుగా చదివినా.

మొదట కోస్తా కథ. అప్పట్లో మద్రాసు రాజధానిలో ఉత్తర సర్కారు జిల్లాల్లో, అంటే ఇప్పటి కోస్తా ఆంధ్రలో, బెరిబెరి అనే జబ్బు ఎక్కువ. కాళ్లు తిమ్మిరెక్కి, వాచి, గుండె బలహీనపడి మనుషులు చచ్చిపోయేవాళ్లు. దీని సంగతి తేల్చడానికి 1918లో కూనూరులో ఒక్క గదిలో మెకారిసన్ అనే డాక్టరు పరిశోధన మొదలుపెట్టినాడు. అదే పెరిగి 1958లో హైదరాబాదుకు వచ్చింది. 1969 నుంచి దాని పేరు జాతీయ పోషకాహార సంస్థ.

బెరిబెరికి కారణం బి1 విటమిన్ లేకపోవడం. వడ్లలో అది ఉండేది ఎక్కువగా తవుడులో. మరలో తెల్లగా పట్టిన పచ్చి బియ్యంలో తవుడు పోతుంది, దాంతోపాటు విటమినూ పోతుంది. పక్కన తమిళోళ్లు ఉప్పుడు బియ్యం తినేవాళ్లు. వడ్లు నానబెట్టి ఉడికిస్తే ఆ విటమిన్ గింజ లోపలికి దిగుతుంది. అందుకే వాళ్లలో ఆ జబ్బు తక్కువ. తిన్నది అందరూ బియ్యమే, పట్టే తీరులో తేడా.

ఇక మన దిక్కు కథ. దక్కన్‌లో జొన్న మీదే బతికే పేద కూలీలకు పెల్లాగ్రా వచ్చేది. ఎండ తగిలే చేతులు, మెడ, కాళ్లు నల్లగా మాడినట్టయి పొరలు లేస్తాయి. విరేచనాలు పట్టుకుంటాయి, మతి కూడా తప్పుతుంది. అమెరికాలో మొక్కజొన్న మీదే బతికే పేదలకూ ఇదే జబ్బు. అది అంటురోగం కాదు, తిండి లోపం అని గోల్డ్‌బెర్గర్ అనే డాక్టరు 1915 ప్రాంతంలో చూపించినాడు. ఆ లోపం నయాసిన్, అంటే బి3 విటమిన్ అని 1937 తర్వాత తేలింది.

మరి జొన్నలో నయాసిన్ ఉంది కదా, జబ్బెందుకు? 1960లో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతయ్య అనే మన శాస్త్రవేత్తలు ఒక కారణం చెప్పినారు. జొన్న మాంసకృత్తుల్లో ల్యూసిన్ అనే పదార్థం ఎక్కువ. అది మితిమీరితే ఒంట్లో నయాసిన్ తయారవడం, పనిచేయడం దెబ్బతింటాయని వాళ్ల మాట. ఇదొక్కటే కారణమా అని తర్వాత వేరే శాస్త్రవేత్తలు వాదించినారు.

మనకు ఇది కొత్త కాదన్నా. డీఏపీ అదే పనిగా వేస్తే చేలో జింకు ఉన్నా పైరు తీసుకోలేదు, ఆకు పాలిపోతుంది. అప్పుడు యూరియా ఎంత చల్లినా లాభం లేదు. ఒంట్లోనూ అంతే. ఒకటి ఎక్కువైతే ఇంకొకటి అందదు.

అట్లని జొన్న చెడ్డది కాదు. వంద గ్రాముల బియ్యంలో మాంసకృత్తులు సుమారు 7 గ్రాములు, జొన్నలో 10, కందిపప్పులో 22. మా అవ్వ కాలంలో జొన్న చేలో కంది సాళ్లు, అనుములు, అలసందలు ఉండేవి. రొట్టెలోకి పప్పో, పుండికూరో, ఊరిబిండో ఉండేది, పక్కన మజ్జిగ ఉండేది. ఇవన్నీ పడితే జొన్న బలం. ఇవేమీ దొరకక వట్టి రొట్టె, కారం తిన్న కూలీ ఇంటికి పోయింది పెల్లాగ్రా. జబ్బు జొన్నది కాదు, పేదరికానిది.

ఇప్పుడు మన పళ్లెం చూడండి. కందులు మనమే పండిస్తాం, కల్లంలోనే అమ్మేస్తాం. బుడ్డలు మండీకి పోతాయి. పాలు డెయిరీకి పోతాయి. ఇంట్లో మిగిలేది తెల్లన్నం, చింతపండు చారు. మా కోడలిది రక్తం తక్కువ, బెరిబెరి కాదు, పెల్లాగ్రా కాదు. జబ్బు వేరు గానీ తప్పు అదే: ఒక్క గింజ మీద బతకడం.

ఆమె ఆస్పత్రిలో ఇచ్చిన ఐరన్ మాత్రలు వేసుకుంటాంది. తిండి ఒక్కటే చాలదు, మాత్రలు ఆపొద్దని నర్సమ్మ గట్టిగా చెప్పింది. ఈసారి నేను అమ్మకుండా ఒక మూట కందులు, అర మూట బుడ్డలు ఇంట్లో పెట్టినా. ఇంటి వెనక రెండు మళ్లు ఆకుకూర వేసినా. అప్పుల లెక్క చూస్తే ఆ మూట అమ్మాలనే అనిపించింది, నిజం చెబుతున్నా. అయినా అమ్మలేదు.

మీ ఇంట్లో ఈ పంటలో ఎంత ఉంచుకున్నారో ఒకసారి లెక్క చూసుకోండి.