వీథిదీపములు – నక్షత్రదర్శనము

గ్రామలెక్కలలో ప్రతి సెంటు భూమికిని ఒక పద్దు కలదు. జిరాయితీ, ఇనాము, పోరంబోకు, గ్రామకంఠము, బాట, చెరువు, శ్మశానము అని విభజించి, దేనిపై ఎవరికెంత హక్కు కలదో వ్రాసియుంచుట తరతరములుగా వచ్చుచున్న ఆచారము. కాని ఆ భూమిపై కప్పియున్న ఆకాశమునకు ఏ అడంగలులోను సర్వే నంబరు లేదు. ఎవరి పేరను పట్టా లేని వస్తువును పదిమందియు కలిసి పాడుచేసినచో అడుగువారెవరు? ఈ ప్రశ్నకు చట్టమూలమున సమాధానము చెప్పిన ఊళ్ళు లోకములో కొన్ని కలవు. ఆ చరిత్ర డెబ్బది యేండ్ల లోపలిదే.

ఆకాశము పాడగుట యేమని పాఠకులకు శంక కలుగవచ్చును. రోహిణి కార్తె, మృగశిర కార్తె అని రైతు దినములు లెక్కించుకొనునప్పుడు ఆ పేర్లు నక్షత్రముల పేర్లే. తెల్లవారుజామున మోట కట్టుటకు వేగుచుక్కయే గడియారము. కృత్తికలను పిల్లలకోడి యని గుర్తింపని పల్లె యుండెడిది కాదు. నేడు కార్తెలు పంచాంగములో మిగిలినవి గాని, పెద్ద పట్టణములలో పిల్లలకోడి కోడిపిల్లలు కానరావు. పగటి ముహూర్తముల మాట యటుంచి, రాత్రి ముహూర్తములలో గూడ పురోహితుడు అరుంధతిని చూడుడని చేయి చూపగా, వధూవరులు చూచితిమని తలయూపుట ఒక మర్యాదగా మాత్రమే నిలిచినది. వసిష్ఠుడు ఎట్లో కనబడును. అతని ప్రక్కనుండు అరుంధతి అంతకంటె మసకచుక్క యగుటచే మొదట మరుగుపడునది ఆమెయే.

దీనికి కారణము దీపముండుట కాదు; దీపపు వెలుగు అక్కరలేని చోటికి పోవుట. గొడుగు లేని దీపము తన వెలుగులో కొంత నేలపైకిని, కొంత బాటసారి కంటిలోనికిని, కొంత నేరుగా మింటికిని పంపును. మింటికెక్కిన వెలుగు గాలిలోని అణువులను, ధూళిని తాకి చెదరి, ఊరిమీద తెల్లని పొరగా పరచుకొనును. పగటి ఆకాశము నీలముగా నుండుటకు ఏది హేతువో ఇచ్చటను అదియే హేతువు: నీలపు వన్నె వెలుగు ఎక్కువగా చెదరును, పసుపు వన్నె తక్కువగా చెదరును. కావున పాలవలె తెల్లనైన దీపము, పచ్చని దీపముకంటె ఆకాశమునకు ఎక్కువ చేటు. 2016లో వెలువడిన ప్రపంచ పటము ననుసరించి, భూమిపై నూటికి 80 మందికి పైగా జనులు ఇట్టి వెలుగుపొర క్రింద నివసించుచున్నారు. మూడవవంతుకు మించిన జనులు తమ యిండ్లనుండి పాలపుంతను చూడజాలరు.

దీనిని మొట్టమొదట చట్టమునకు లోబరచిన ఊరు అమెరికాలోని అరిజోనా రాష్ట్రమున గల ఫ్లాగ్‌స్టాఫ్. అది సుమారు 7,000 అడుగుల యెత్తున, దేవదారువంటి చెట్ల అడవుల నడుమ నున్న పట్టణము. అచ్చట 1894లో పెర్సివల్ లోవెల్ అను ధనికుడు అంగారకగ్రహమును పరిశీలింపగోరి వేధశాల కట్టించెను. ఆయన ఊహించిన అంగారకుని కాలువలు నిజము కాలేదు గాని, ఆయన నాటిన వేధశాల వృథపోలేదు. 1930 ఫిబ్రవరి 18న క్లైడ్ టోంబా అను యువకుడు అచ్చటనే ప్లూటోను కనిపెట్టెను. 1955లో అమెరికా నౌకాదళ వేధశాలవారు సైతము చీకటిని వెదకికొనుచు రాజధాని వాషింగ్టన్ నుండి ఆ యూరికి ఒక శాఖను తెచ్చిరి.

ఆ కాలమున కొత్త అంగళ్ళు తెరచునప్పుడు వర్తకులు పెద్ద సర్చిలైట్లను తెచ్చి ఆకాశమున త్రిప్పుచు జనులను ఆకర్షించెడివారు. 1958లో ఫ్లాగ్‌స్టాఫ్ పురపాలక సంఘము అట్టి ప్రచారపు సర్చిలైట్లను పట్టణపు పొలిమేరలలో నిషేధించినది. లోకములో వెలుపలి దీపములపై నిబంధన విధించిన తొలి శాసనము ఇదియే యని చెప్పుదురు. చూచుటకు ఇది చిన్న నిషేధము. ఊరి దీపము లెవ్వియు ఆర్పలేదు. ఎవరి వ్యాపారమును మూతపడలేదు. కాని వేధశాల ఊరికి భారము కాదు, ఊరి సొత్తేయని పౌరులు ఒప్పుకొన్న దినమది. 1973లో దీపములకు గొడుగులుండవలెనను నియమములు వచ్చినవి. 1989లో వచ్చిన నిబంధన గ్రామలెక్కలు తెలిసినవారికి ముచ్చట గొలుపునది: ఎకరమునకు ఇంత వెలుగు మించరాదని వారు పరిమితి నేర్పరచిరి. మాగాణికొక శిస్తు, మెట్టకొక శిస్తు అయినట్లు, వేధశాలకు దగ్గరి భూములకు తక్కువ వెలుగును, దూరపు భూములకు ఎక్కువ వెలుగును నిర్ణయించిరి. వీథులలో అచ్చపు పసుపు వెలుగు నిచ్చు సోడియం దీపములను ఆదరించిరి. ఆ వెలుగంతయు ఒక్క వన్నెకు చెందినదగుటచే శాస్త్రజ్ఞులు దానిని వడగట్టి వేయగలరు. 2001లో ఆ యూరికి అంతర్జాతీయ సంస్థ యొకటి ప్రపంచములో మొదటి చీకటి ఆకాశపు నగరమని గుర్తింపు నిచ్చినది. 2020 జనాభా లెక్కలలో ఆ పట్టణమున 76,000 మందికి పైగా నున్నారు. అయినను ఊరిలో నిలిచి పాలపుంతను చూడవచ్చును.

ఈ కథకు ప్రక్కన హైదరాబాదు కథ నుంచి చూచిన విషయము మరింత స్పష్టమగును. నవాబు జఫర్ జంగు ఇంగ్లండునుండి 15 అంగుళముల దూరదర్శినిని తెప్పించి 1901లో హైదరాబాదున వేధశాల స్థాపించెను. ఆయన అనంతరము నైజాము ప్రభుత్వము దానిని స్వీకరించి బేగంపేటకు మార్చినది. అచ్చట పనిచేసినవారు ఆకాశమున తమకు అప్పగింపబడిన భాగమును ఛాయాచిత్రములు తీసి, లక్షలకొలది నక్షత్రముల స్థానములను ఓపికతో కొలిచి, అంతర్జాతీయ నక్షత్రపట్టికకు సమర్పించిరి. ఒక్కొక్క చుక్కకు ఒక్కొక్క పద్దు. ఆకాశపు అడంగలు అదియే యనవచ్చును. 1919 నుండి అది ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చెందినది.

నగరము పెరిగినది. బేగంపేట చుట్టును వీథులు, భవనములు, విమానాశ్రయము, వాని దీపములు వచ్చినవి. ఫ్లాగ్‌స్టాఫ్‌వలె దీపములను మలచు ఆలోచన ఇచ్చట చేయలేదు. దూరదర్శినినే కదలించుట మార్గమయినది. కొత్తగా తెప్పించిన 48 అంగుళముల దూరదర్శినిని నగరమునకు సుమారు 55 కిలోమీటర్ల దూరమున జపాల, రంగాపురం గ్రామముల చెంత 1968లో నిలిపిరి. 1980 ఫిబ్రవరి 16నాటి సంపూర్ణ సూర్యగ్రహణమును అచ్చటనుండి పరిశీలించిరి. కాని పారిపోవుట రక్షణ కాదు. తరువాతి దశాబ్దములలో నగరమే ఆ దూరమును తరిగించుచు వెంట వచ్చినది.

ఆ బేగంపేట వేధశాలలో ఉద్యోగి కుమారుడుగా పెరిగినవాడు వైణు బాప్పు. మలబారు కుటుంబమునకు చెందిన ఆయన హైదరాబాదున విద్యనభ్యసించి, 1949లో అమెరికాలో నున్నప్పుడు మరి యిద్దరితో కూడ ఒక తోకచుక్కను కనిపెట్టెను. స్వదేశమునకు వచ్చిన పిమ్మట చీకటి గల చోటును వెదకి, తమిళనాడులోని జవ్వాది కొండలలో కావలూరు అను చోటును ఎన్నుకొని, 1960లలో అచ్చట వేధశాలకు పునాది వేసెను. ఆయన 1982లో గతించెను. ఆయన సంకల్పించిన 2.3 మీటర్ల దూరదర్శిని 1986లో ఆరంభమైనది. తరువాత అదే సంస్థవారు ఇంకను దూరము పోయి, లడఖులో 4,500 మీటర్ల యెత్తున హాన్లే యందు 2 మీటర్ల దూరదర్శినిని నిలిపిరి. బేగంపేటనుండి కావలూరు, కావలూరునుండి హిమాలయము! వెలుగునకు జంకి ఇంతకంటె దూరము పోవుటకు దేశములో చోటు లేదు.

అందుచేత హాన్లేలో వేరొక విధానము నవలంబించిరి. 2022 డిసెంబరులో లడఖు పాలనాయంత్రాంగము వేధశాల చుట్టునున్న 1,073 చదరపు కిలోమీటర్ల భూమిని చీకటి ఆకాశపు రక్షితప్రాంతముగా ప్రకటించినది. భారతదేశమున ఇట్టి ప్రకటన ఇదియే మొదటిది. దీపములకు గొడుగులు, వెచ్చని వన్నె బల్బులు, కిటికీలకు దళసరి తెరలు, రాత్రివేళ వాహనముల ముందుదీపములను తగ్గించుట అను నియమములు ఏర్పడినవి. అంతియే కాక, ఆ పల్లెలవారిలోనుండి 24 మందికి శిక్షణ యొసగి, చిన్న దూరదర్శినులిచ్చి, వచ్చు యాత్రికులకు నక్షత్రములను చూపి జీవనోపాధి పొందునట్లు చేసిరి. చట్టము పల్లెవారిపై పడక, వారి చేతిలోనికి వచ్చినది. నియమము నిలుచునదియు లేనిదియు ఈ ఒక్క భేదమునుబట్టి యుండును.

ఇతరదేశముల సంగతి క్లుప్తముగా చెప్పవచ్చును. స్పెయినుకు చెందిన కానరీ ద్వీపములకు 1988లోనే ఆకాశరక్షణ చట్టము వచ్చినది. ఫ్రాన్సు ప్రభుత్వము 2018 డిసెంబరు ఉత్తరువున దేశమంతటికి నియమములు చేసి, ఉద్యానవనముల వెలుగులను రాత్రి ఒంటిగంటకో, లేక మూసిన గంటలోపలనో ఆర్పవలెనని విధించినది.

చీకటిలో పాములు, దొంగలు, గుంటలు ఉన్నవను మాట నిజము. పల్లెకు కరెంటు వచ్చి వీథిదీపము వెలిగిన దినము పండుగయే. దానిని తక్కువగా పలుకుట తగదు. కాని పాము ఆకాశమున పోదు. కంటిలో గ్రుచ్చుకొను దీపము క్రింద నడచువాడు, దాని కావలనున్న గుంటను చూడలేడు. పూర్వము గ్రంథాలయములలో కిరసనాయిలు దీపమునకుగాని, తరువాత కరెంటు బల్బునకుగాని రేకు గొడుగు పెట్టినవారు ఖగోళశాస్త్రము నెరిగి పెట్టలేదు. చదువువాని పుస్తకముపై వెలుగు పడుటకు, కంటిపై పడకుండుటకు పెట్టిరి. వీథిదీపమునకు కావలసినదియు అంతియే.

1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టము బహిరంగ మార్గములకు వెలుగు కల్పించుటను గ్రామపంచాయతీ విధులలో చేర్చినది. గడచిన దశాబ్దమున పల్లెస్తంభములపై పాత దీపములు పోయి ఎల్.ఇ.డి. దీపములు వచ్చినవి. వీనివలన కరెంటు ఖర్చు తగ్గుననుట సత్యమే. అయితే వీనిలో చాల తెల్లనివియు కలవు, వెచ్చని వన్నెవియు కలవు. స్తంభముపై బల్లపరుపుగా బిగించినచో నేలనే చూచును, వాల్చి బిగించినచో పొరుగువాని కిటికీని, మింటిని చూచును. ఒకమారు బిగించిన దీపము ఏండ్ల తరబడి అట్లే యుండును. కొనునప్పుడును, బిగించునప్పుడును మాత్రమే దీని నిర్ణయింప వీలగును. పంచాయతీ రిజిస్టరులో స్తంభముల సంఖ్యకును, వాట్లకును గడులుండును. దీపపు వన్నెకు, వాలుకు గడు లుండుట అరుదు.