మన నీళ్ల చరిత్ర – 6: కొండకు తుపాకీ, ఏటికి జీవో

కిందటి భాగంలో కారంచేడు చెరువు గట్టు మీద ఆగాం. 1985 జూలైలో మాదిగపల్లె మీద జరిగిన ఆ దాడి తాగునీళ్లు మురికి చేయొద్దన్న మాట దగ్గరే మొదలైందని చెప్పుకున్నాం. ఈసారి సీమ తూర్పు అంచుకు, స్వర్ణముఖి ఒడ్డుకు వద్దాం. ఊరు ఏర్పేడు.

2017 ఏప్రిల్ 21. మునగలపాళెం రైతులు ఏర్పేడు పోలీస్ స్టేషన్ ముందుకు వచ్చారు. స్వర్ణముఖిలో ఇసుక తోడేస్తున్నారు, మా నీళ్లు పోతున్నాయి, ఆపండి అన్నదే వాళ్ల గోడు. స్టేషన్ ముందు నుంచే పూతలపట్టు–నాయుడుపేట రోడ్డు పోతుంది. ఆ రోడ్డు మీద ఒక లారీ అదుపు తప్పి, కరెంటు స్తంభాన్ని గుద్ది, జనం మీదికి దూసుకొచ్చింది. కొందరు చక్రాల కింద పడ్డారు. కొందరికి తెగిన తీగలు తగిలి షాక్ కొట్టింది. కనీసం పదిహేను మంది చనిపోయారు.

మర్నాడు అందరూ ‘ఏర్పేడు రోడ్డు ప్రమాదం’ అన్నారు. లారీ అదుపు తప్పడం ప్రమాదమే కావచ్చు. కయ్యల్లో ఉండాల్సిన మనుషులు ఏప్రిల్ ఎండలో స్టేషన్ ముందు ఎందుకున్నారు? అది ప్రమాదం కాదు. దాని వెనక అరవై ఏళ్ల చరిత్ర ఉంది.

1957 గనుల చట్టం మామూలు ఇసుకను ‘చిన్న తరహా ఖనిజం’ కింద రాసింది. చిన్నది కాబట్టి దాని నియమాలు రాష్ట్రాలే రాసుకోవచ్చంది. మన రాష్ట్రం 1966లో రాసుకుంది. ఇసుక ఆ కాగితాల్లో సీనరేజీ తెచ్చిపెట్టే సరుకు. అది నీళ్లు దాచే పాత్ర అన్న ఊసు అప్పట్లో లేదు. పర్యావరణ అనుమతుల కాలం వచ్చాక కూడా ఐదు హెక్టార్ల లోపు లీజులు ఆ గడప తొక్కకుండానే తప్పించుకున్నాయి. పెద్ద రీచ్‌ను చిన్న ముక్కలుగా కోస్తే చాలు. 2012 ఫిబ్రవరి 27న దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ ముక్కల ఆట పట్టుకుని, ఎంత చిన్న లీజుకైనా అనుమతి కావాల్సిందే అంది. మరుసటి ఏడు గ్రీన్ ట్రిబ్యునల్ అదే మాట దేశమంతటికీ చెప్పింది. ఈ ‘చిన్న’ ఖనిజాన్ని కంకరతో కలిపి ప్రపంచం ఏటా దాదాపు 5,000 కోట్ల టన్నులు వాడుతోందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం లెక్క. మనుషులు నీళ్ల తర్వాత ఎక్కువగా వాడేది దీన్నే.

స్వర్ణముఖి ఏడాది పొడవునా పారే నది కాదు. చంద్రగిరి వైపు కొండల్లో పుట్టి, తిరుపతి పక్కగా, శ్రీకాళహస్తి గుడి వెనగ్గా సముద్రానికి పోయే వానాకాలపు ఏరు. వాన పడితే పొంగుతుంది, నెలల తరబడి ఎండి కనిపిస్తుంది. కనిపిస్తుందంతే. నీళ్లు ఇసుక కింద ఉంటాయి. ఇసుకలో ఇంచుమించు నాలుగో వంతు ఖాళీ చోటు అనుకుందాం. పది ఘనపు మీటర్ల లారీ ఒకటి ఎత్తుకుపోతే, రెండున్నర వేల లీటర్లు దాచే కుండ పగిలినట్టే. ఆ ఒక్కసారికి కాదు, ఇక రాబోయే ప్రతి వానకూ. పైగా ఏటి మట్టం దిగితే గట్టు మీది బావుల నీళ్లు కూడా ఆ గుంటలోకే జారతాయి. తవ్వింది ఏట్లో, ఎండేది కయ్యలో.

ఈ సంగతి మనవాళ్లకు సైన్సు పుస్తకాలకన్నా ముందే తెలుసు. ఊరి బావి దగ్గరికి రానివ్వని రోజుల్లో ఏటిలో చెలమ తవ్వుకుని, ఊట తేరేదాకా కూర్చుని, చిప్పతో ముంచుకుని కడవ నింపిన ఆడవాళ్లు మన అవ్వలే. 1927లో మహద్ చెరువు నీళ్లు తాగడానికి బాబాసాహెబ్ వేలమందితో నడవాల్సి వచ్చింది. చెలమకు కాపలా లేదు, మైల లేదు. రైతులు అదే ఇసుకలో ఊటకాలువలు తీసి మళ్లు పారించారు. అంటే ఇసుక పోతే అందరికీ నష్టమే. కానీ బోరు వెయ్యి అడుగులకు దింపగలిగేవాడికి ఒక రకం నష్టం, ఏటిగట్టున డీకేటీ పట్టా ఎకరం, వాడలో ఒక చేతిపంపు ఉన్నవాడికి ఇంకో రకం.

చట్టం లేదా? ఉంది. 2002లో వాల్టా చట్టం వచ్చింది. వంతెనలకు, తాగునీటి, సాగునీటి బావులకు 500 మీటర్ల లోపల ఇసుక తవ్వకూడదని దాని నియమాలు చెప్తాయి. 2014లో రీచ్‌లను డ్వాక్రా మహిళా సంఘాలకు ఇచ్చారు. రెండేళ్లకే, 2016లో, ‘ఉచిత ఇసుక’ అన్నారు. ఉచితం ఎవరికి? గంపతో మోసుకునేవాడికా, జేసీబీ ఉన్నవాడికా? ధర లేదంటే లెక్క లేదు, లెక్క లేకపోతే దొంగా లేడు. మునగలపాళెం జనం రోడ్డెక్కింది ఈ విధానం వచ్చిన ఏడాదికే.

ఇప్పుడు ఏర్పేడు నుంచి పడమటికి చూడండి. శేషాచలం కొండలు. 1989లో శ్రీవెంకటేశ్వర జాతీయ పార్కు, 2010లో 4,755 చదరపు కిలోమీటర్ల జీవావరణ పరిరక్షణ ప్రాంతం. ఎర్రచందనం ఈ తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప ప్రపంచంలో సహజంగా ఇంకెక్కడా పెరగదు. దాన్ని కాపాడాల్సిందే. ఎలా కాపాడారు? 2015 ఏప్రిల్ 7న ఆ కొండ పాదాల దగ్గర టాస్క్‌ఫోర్స్ కాల్పుల్లో 20 మంది తమిళ కూలీలు చచ్చిపోయారు. వాళ్లలో ఆదివాసులూ ఉన్నారు. దుంగ మోస్తే కూలి దొరుకుతుందని వచ్చిన జనం. దుంగ కొన్నవాడు ఒక్కడూ ఆ శవాల్లో లేడు.

ఈ రెండు ఏప్రిల్‌లను పక్కపక్కన పెట్టి చదవమంటాను. ఆ కొండల్లో పుట్టిన కల్యాణి లాంటి వాగుల నీళ్లే స్వర్ణముఖిలో కలుస్తాయి. అడవి హద్దురాయి లోపల ఉన్నంతసేపు ఆ నీళ్లకు పార్కు, గార్డు, టాస్క్‌ఫోర్స్. హద్దు దాటి పల్లెలోకి రాగానే వాటి మంచం ‘చిన్న ఖనిజం’. అక్కడ చట్టం తుపాకీ పట్టుకుంది, చచ్చింది కూలి. ఇక్కడ చట్టం చేతులు కట్టుకుంది, చచ్చింది చట్టాన్ని అమలు చేయమని అడగడానికి వచ్చినవాడు. ప్రకృతి పరిరక్షణ అంటే జంతువులా మనుషులా అని మనల్ని కొందరు మేధావులు అడుగుతుంటారు. ప్రశ్నే తప్పు. కొండను, ఏటిని రెండు శాఖలుగా ఎవడు కోశాడో అది అడగాలి.

ఏర్పేడు తర్వాత అధికార పార్టీ ఇద్దరు స్థానిక నాయకుల్ని సస్పెండ్ చేసింది. అన్ని పార్టీల పెద్దలూ వచ్చి పలకరించి వెళ్లారు. 2019లో ఉచితం పోయి ప్రభుత్వ సంస్థ అమ్మకం వచ్చింది. 2021లో రాష్ట్రం మొత్తం ఇసుక ఒకే ప్రైవేటు కంపెనీకి పోయింది. 2023లో ట్రిబ్యునల్ తవ్వకాలు ఆపమంది. 2024లో మళ్లీ ఉచితం. ఇసుక ఎవరు అమ్మాలన్నదే ప్రతిసారీ చర్చ. ఎంత మిగలాలన్నది ఏ జీవోకీ మొదటి వాక్యం కాలేదు.

విద్యార్థి మిత్రులకు ఒక మాట. ఐఐటీ, ఐసర్ రెండూ ఇప్పుడు ఏర్పేడు మండలంలోనే ఉన్నాయి. అక్కడ చదివే మన పిల్లలు భూగర్భజల శాఖ బావి మట్టాల లెక్కలు సమాచార హక్కు కింద అడగొచ్చు. రీచ్ పక్కన టేపు పట్టి 500 మీటర్లు కొలవొచ్చు. ఇంట్లో పెద్దవాళ్లుంటే, చెలమ ఏ చోట తవ్వేవాళ్లో, ఎన్ని మూరలకు ఊట తగిలేదో అడిగి రాసుకోండి. ఆ లెక్క ఏ శాఖ దగ్గరా లేదు, మన అవ్వల దగ్గరే ఉంది.

వచ్చే భాగంలో ఏటి పోరంబోకు, డీకేటీ పట్టాలు, 1977 అసైన్డ్ భూముల చట్టం.

జై భీమ్.