ఆసుపత్రి మంచం పక్కన పరిచర్య



జబ్బు ముదిరినవారిని మన పాడేరు నుంచి విశాఖ కె.జి.హెచ్.కు తీసుకువెళ్ళాలంటే ఘాట్ రోడ్డు దిగి నూరు కిలోమీటర్లకు పైగా పోవాలి. అక్కడ డాక్టర్లున్నారు, మందులున్నాయి. కువి భాష తప్ప తెలుగు సరిగా రాని అవ్వ పక్కన కూర్చుని, "భయంగా ఉందా అవ్వా?" అని అడిగే మనిషి మాత్రం దొరకడం కష్టం. ఆ పనికి సంఘ చరిత్రలో చాప్లిన్ అనే పేరుంది.

పేరు కొత్తగా వినిపించినా పని చాలా పాతది. 4వ శతాబ్దంలో కైసరయ బిషప్ బసిలు రోగులకు, పరదేశులకు ఆశ్రయం కట్టించినప్పుడు వైద్యమూ ప్రార్థనా ఒకే ఆవరణలో ఉండేవి.

మన తెలుగు నేలమీద చూస్తే గుంటూరు గుర్తుకొస్తుంది. డాక్టర్ అన్నా సారా కుగ్లర్ 1883లో అక్కడికి వచ్చారు. లూథరన్ మిషన్ ఆమెను మొదట వైద్యానికి పంపలేదు, స్త్రీల మధ్య బోధించే పనికి పంపింది. అయినా ఆమె రోగులను చూడటం మానలేదు. 1893లో డిస్పెన్సరీ, 1898లో ఆసుపత్రి తెరిచారు. హిందువైన ఏలూరు జమీందారు భుజంగరావుగారు రోగుల బంధువులు ఉండటానికి ఎదురుగా సత్రం కట్టించారు. మా దృష్టిలో అదీ రోగి పరిచర్యే. తోడు వచ్చినవాళ్ళకు తల దాచుకునే చోటు లేకపోతే రోగికి నిద్ర ఎలా పడుతుంది?

ఆ రోజుల్లో మంచాల మధ్య తిరిగి వాక్యం చదివినవారు, కష్టాలు విన్నవారు బైబిలు స్త్రీలు. మన తెలుగు అమ్మలు. మిషన్ చరిత్రల్లో డాక్టర్లకు దొరికినంత చోటు వీళ్ళకు దొరకలేదు.

ఒక మాట దాచకూడదు. మిషన్ ఆసుపత్రుల్లో మందు కోసం కూర్చున్నవాళ్ళు ముందు ప్రసంగం వినవలసి వచ్చేది. లేచి వెళ్ళలేనివాడికి చెప్పడం సులువే గాని, అది ప్రభువు పద్ధతి అని మేము అనుకోము. బేతెస్ద దగ్గర ఆయన మొదట రోగినే అడిగాడు గదా.

అమెరికాలో ఆంటన్ బోయిసన్ అనే పాస్టరుగారు తానే మానసిక రోగిగా ఆసుపత్రిలో ఉండి, తర్వాత చాప్లిన్ అయ్యారు. 1925లో వూస్టర్ ఆసుపత్రికి వేదాంత విద్యార్థులను రప్పించి, పుస్తకాలను చదివినంత శ్రద్ధగా రోగుల మాట వినడం నేర్పారు. నేటి చాప్లిన్ శిక్షణకు మూలాల్లో అదొకటి.

కాబట్టి సర్కారు వార్డుకు వెళ్ళేవారు కరపత్రాలు పట్టుకెళ్ళవద్దు. నర్సమ్మ అనుమతి, రోగి ఇష్టం ముందు. అడిగితేనే ప్రార్థన, అదీ మెల్లగా. ప్రార్థించాం గనుక సికిల్ సెల్ మాత్రలు మానేయమని ఎవరైనా చెబితే, వాళ్ళ మాట వినవద్దు. డాక్టరు చెప్పింది రోగి భాషలో చెప్పడం, ఇంత గంజి తెచ్చిపెట్టడం, ఊరికే కూర్చోవడం, పని ఇదే.

కువి, ఆదివాసీ ఒడియా బాగా వచ్చినవారు వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత పేర్లివ్వండి. ఇద్దరిద్దరుగా వంతులు వేస్తాం. బస్సు ఖర్చు కానుకలోంచి ఇస్తాం.