బందరు చీటిగుడ్డ, తిమింగిలపు బద్ద

బందరని పిలువబడు మచిలీపట్టణమున నేటికిని వలందపాలెము, ఇంగ్లీషుపాలెము, పరాసుపేట అను పేటలు కలవు. సముద్రముల కావలినుండి వచ్చి, ఈ కృష్ణాముఖమున కోఠీలు కట్టుకొని, తరములతరబడి వర్తకము సలిపిన మూడు జాతుల జ్ఞాపకము ఆ పేళ్లలో నిలిచియున్నది. వలందులు (డచ్చివారు) 1605లోను, ఆంగ్లేయులు 1611లోను, పరాసులు (ఫ్రెంచివారు) 1669లోను ఇచ్చట కాలూనిరి. వారు గోలకొండ సుల్తానులయొద్ద ఫర్మానాలు పడసిన కథయు, తమలో తాము కలహించిన కథయు చరిత్రగ్రంథములలో విపులముగా కలవు; వారి యోడలలో పోయిన బట్ట ఎవరి మేనిపై నెట్లు నిలిచినది, దాని నట్లు నిలిపినదేది, అను ప్రశ్నమాత్రము అరుదుగా వినవచ్చును. కలముతో పూలు చిత్రించి రంగులద్దిన బందరు చీటిగుడ్డ ఐరోపాలో చొక్కాగను గౌనుగను మారినపుడు, దాని యడుగున కార్సెట్టు అను బిగువైన లోదుస్తు ఉండెడిది. ఆ లోదుస్తునకు ఆకారము నొసగినవి కుట్టుచాళ్లలో దూర్చిన సన్నని బద్దలు. కన్నులకు కానవచ్చిన పువ్వు కృష్ణాతీరమునది. లోపల నణగి దానిని మోసిన బద్ద ఉత్తరధ్రువసముద్రములది. ఈ రెండు ద్రవ్యములను ఎన్నుకొని సిద్ధపఱచిన చేతుల విద్య, నౌకాధిపతుల సాహసముతో సమానముగా చరిత్రలో స్థానము పొందదగినదని నా విశ్వాసము.

వలందుల తూర్పిండియా కంపెనీ 1602లో ఏర్పడినది. పండ్రెండేండ్లకు, 1614లో, ఆ దేశముననే తిమింగిలముల వేటకై ఉత్తరపు కంపెనీ అను మఱొక వర్తకసంఘము వెలసినది. మొదటిది కృష్ణాగోదావరుల తీరములకును, రెండవది మంచుగడ్డల నడుమనున్న స్పిట్స్‌బెర్గెన్ దీవులకును ఓడలను నడపినవి. ఆ దీవులలో స్మీరెన్‌బర్గ్ అను తావున క్రొవ్వు కాచి నూనె తీయుచుండిరి. తిమింగిలపు నోటిలోని పట్టెలను వేఱుచేసి స్వదేశమునకు చేర్చుచుండిరి. ఒకదాని నొకటి ఎఱుగని రెండు సముద్రముల సరకులు ఇట్లు ఆమ్‌స్టర్‌డాము రేవున దిగి, తుదకు ఒకే దర్జీ బల్లపైకి వచ్చినవి.

ఆ పట్టెల స్వభావము నొకింత వివరింపవలెను. ధ్రువసముద్రములయందలి బోహెడ్ తిమింగిలమునకు దంతములు లేవు. పైదవడనుండి ఇరుప్రక్కల ఇంచుమించు మున్నూరేసి పట్టెలు జల్లెడవలె వ్రేలాడును. వానిలో పొడవైనవి పది పండ్రెండడుగు లుండును. ఇవి అస్థిమయములు కావు; గోళ్లకును కొమ్ములకును మూలమైన కెరటిన్ పదార్థమే ఇచ్చట నిలువుపోగులుగా కట్టుకొని యుండును. పోగులన్నియు నొకే దిక్కున సాగుటచే, మేదరివాని కత్తికి వెదురు లొంగినట్లు, ఆ పట్టె మొదలునుండి తుదివరకు నిలువునా చీలును. తేలికయైనది, ఎంత సన్నముగా చీల్చినను పెళుసుబాఱనిది, వంచి విడిచిన తోడనే నిక్కునది. ఇన్ని గుణములు ఏకత్ర లభించిన ద్రవ్యము ఆనాటి కుట్టుపనివారికి వేఱొకటి దొరకలేదు.

పట్టె కొన్నంతమాత్రమున బద్ద కాదు. అంచునందలి వెండ్రుకల కుచ్చును తొలగించి, కడిగి, వేడినీటిలో మెత్తబడువఱకు నుంచి, ఆ వేడి ఆఱకముందే కత్తితో చీల్చి, దళసరి సమమగునట్లు గీకి, తిన్నగా నారబెట్టవలెను. వెచ్చగానున్నపు డేరూపమున నదిమి యుంచిన, చల్లారిన పిమ్మట ఆ రూపమునే నిలుపుకొనుట దాని విశేషగుణము. పోగు వంకరపోయినదియు, బీటవాఱినదియు పనికిరాదు. నడుము ముందువైపునకు దళసరి బద్ద, ప్రక్కలకు సన్నది, వీపునకు నిటారైనది ఎన్నుకొనెడివారు. రెండుమూడు పొరల నారబట్టపై దగ్గఱదగ్గఱగా కుట్టుచాళ్లు వేసి, ఒక్కొక్క చాలులో నొక్కొక్క బద్దను దూర్చెడివారు. బద్ద తన చాలుకంటె కొంచెము కుఱుచగా నుండవలెను. లేనియెడల వంగినపుడెల్ల కొన బట్టను పొడిచి వెలికివచ్చును. కొనలను గుండ్రముగా చెక్కుటకును కారణ మదియే. ముందునడుమ బస్క్ అను వెడల్పాటి దబ్బను, కొయ్యతోనో కొమ్ముతోనో దంతముతోనో చేసి నిలిపెడివారు. తిమింగిలపు బద్ద కొనలేని యిండ్లలో రెల్లుకాడలను సన్నని కట్టలుగా చేర్చియో, పేము చీల్చియో చాళ్లు నింపుకొనెడివారు. దేహపు వెచ్చదనమునకు బద్ద క్రమముగా లొంగి, ధరించినవారి మేనితీరును తనలో నిలుపుకొనెడిది. కావున పాత కార్సెట్టు క్రొత్తదానికంటె సుఖముగా నుండెడిది.

ఇక కృష్ణాతీరమునకు మఱలుదము. ఇచ్చటి యద్దకపువారికి ప్రాణద్రవ్యము చిరివేరు. పూర్వము పెటపోలి యని విదేశీయులు వ్రాసిన నిజాంపట్టణపు ప్రాంతమున, సముద్రపుటిసుకలో, ఆ చిన్న మొక్క సన్నని వేళ్లను లోతుగా దించును. ఎఱ్ఱదన మంతయు ఆ వేరుపట్టయందే యుండును. గవ్వల సున్నము కలిసిన యిసుకలో పెరిగిన వేరు ఇతర భూముల వేరుకంటె గాఢమైన యెఱుపు నిచ్చుటచే, కృష్ణాముఖపు చిరివేరునకు కోరమాండల్ తీరమంతటను కీర్తి వ్యాపించినది. ఇంగ్లీషు కోఠీ కధికారిగా నుండిన విలియం మెత్వోల్డ్ సైతము ఆ మొక్కను గూర్చి తన గోలకొండ వృత్తాంతమున వ్రాసెను.

బట్టను సిద్ధపఱచుట బద్దను సిద్ధపఱచుటకంటె దీర్ఘమైన తపస్సు. నేతనుండి వచ్చిన బట్టలోని గంజి పోవువఱకు ఉతికి, ఎండలో తెల్లబఱచి, కరక్కాయ కషాయమునందు గేదెపాలు కలిపి ముంచి యారబెట్టుదురు. కరక్కాయయందలి వగరు రంగును పట్టియుంచును. పాలలోని క్రొవ్వు గీచిన గీత చుట్టును వ్యాపింపకుండ కాపాడును. పిమ్మట కలము. వెదురుపుల్ల కొనను వాడిగా చెక్కి, కొనకు కొంచెము పైన ఉన్నిగుడ్డను ఉండగా చుట్టి దారముతో కట్టుదురు. ఆ యుండ రంగును త్రాగి యుండును. వ్రేళ్లతో నొక్కినకొలది రంగు కొనకు జాఱును. ఇనుపముక్కలను బెల్లపునీటిలో నూరబెట్టగా వచ్చిన ద్రవముతో నల్లగీతలు దిద్ది, ఎఱ్ఱన కావలసినచోట పటికనీటిని పూయుదురు. అప్పటికి ఎఱుపు కానరాదు. చిరివేరు నలుగగొట్టి మరగించిన నీటిలో బట్టను కాచినపుడే, పటిక సోకిన తావులు ఎఱ్ఱవాఱును. సోకనిచోట అంటిన రంగు ప్రవాహమున జాడించి యెండలో వేసిన క్రమముగా విడిపోవును. నీలము కావలసిన భాగములను విడిచి, తక్కినదంతయు మైనముతో కప్పి, నీలితొట్టిలో ముంచుదురు. తుదకు నీలముపై పసుపువన్నె పూయగా ఆకుపచ్చ పొడచూపును. 1693లో తన గ్రంథమును ప్రకటించిన డేనియల్ హవార్ట్ అను వలందు, పాలకొల్లు చిత్రకారుల మందగతిని చూచి, ఓర్పునకు వారినే రూపముగా నెంచెను.

ఈ బట్ట పరదేశమున కార్సెట్టుపై నమరుటలో నొక సూక్ష్మమున్నది. మన కోకకు కత్తెర యవసరము లేదు. మడతయు కుచ్చెళ్లును దానికి రూపమిచ్చును, దేహము కదలినపుడెల్ల ఆ రూపము మాఱును. ఐరోపా దుస్తు అట్లు కాదు. బద్దలు బిగించిన లోదుస్తు నడుమునుండి ఱొమ్మువఱకు మేనిని ముడుతలేని యొక గరాటిగా నిలుపును; దానిపై చీటిగుడ్డ చదునుగా పఱచుకొనును. ముడుత పడినచో కలముతో గీచిన తీగె విఱిగినట్లు కనబడును. పడనిచో వేరునుండి మొగ్గవఱకు నొకే గీతగా సాగును. దర్జీ చీటిగుడ్డను కత్తిరించునపుడు ఆ తీగెల పోకడను గమనింపవలసియుండుట ఇందువలననే.

ఆ బట్టపై కలిగిన మోజు స్వదేశపు నేతగాండ్రకు కంటగింపైనది. పరాసు ప్రభుత్వము 1686లో అద్దకపు బట్టలను నిషేధించి 1759వఱకు ఆ శాసనమును సడలింపలేదు. ఇంగ్లండు 1700లో దిగుమతిని, 1720లో ధారణమునుగూడ నిషేధించి, 1774వఱకు ఆ కట్టడిని కొనసాగించినది. వలందదేశమున నట్టి నిషేధము లేకుండుటచే, ఫ్రీస్‌లాండులోని హిండెలోపెన్ పట్టణస్త్రీలు తమ పొడవాటి అంగీలకు చీటిగుడ్డనే వాడుకొనుచు వచ్చిరి.

కాలక్రమమున బద్దకును వేరుకును ఒకేవిధమగు విపత్తు వాటిల్లినది. 1859 తరువాత రాతినూనె వచ్చి తిమింగిలపు నూనెకు గిరాకి తగ్గినను, కార్సెట్టు బద్దల వెల పెరుగుటచే వేట ఆగలేదు. బోహెడ్ తిమింగిలములు నశించు స్థితికి వచ్చినవి. తిమింగిలపు బద్దలకు బదులుగా ఉక్కుబద్దలు వచ్చినవి: నిటారు కుట్టునకు చదును ఉక్కు, వంపు కుట్టునకు మెలితిరిగిన ఉక్కు. కొలతకు కోసి, కొనలు ఆకురాయితో నునుపుచేసి, తొడుగు వేయుట నేటికిని ఈ పనియందు ముఖ్యనియమము. ఇచ్చట 1864 నవంబరు 1వ తేదీనాటి తుపాను బందరున ఇంచుమించు ముప్పదివేల ప్రాణములను బలిగొన్నది. నాలుగేండ్లకే, 1868లో, గ్రేబె, లీబర్మన్ అను జర్మను రసాయనవేత్తలు అలిజరిన్ అను ఎఱ్ఱరంగును కృత్రిమముగా సాధించిరి. మన చిరివేరులో ప్రకృతి దాచిన ద్రవ్యములలో ముఖ్యమైన దదియే. కర్మాగారపు పొడి చౌకగా లభింపగా, ఇసుకలో వేరు త్రవ్వు శ్రమకు విలువ క్షీణించినది.

నేడు పెడనలోను, బందరు పరిసరములలోను చెక్క అచ్చులతో అద్దకము సాగుచున్నది. స్వాతంత్ర్యానంతరము కమలాదేవీ చటోపాధ్యాయ వంటివారి పూనికచే ఈ విద్యకు క్రొత్త ఊపిరి లభించినది. సంతోషింపదగిన విషయమే. కాని ఒక విద్య క్షీణించునపుడు మొదట నశించునది ఆకృతి కాదు, ద్రవ్యమును ఎన్నుకొను నేర్పు. పూర్వపు పువ్వులను లండనులోని విక్టోరియా ఆల్బర్ట్ మ్యూజియములో చూచి మరల చెక్కవచ్చును. ఏ యిసుకలో పెరిగిన వేరు, ఏ వయసున త్రవ్వినది, ఏ నీటిలో కాచిన ఎట్టి యెఱుపునిచ్చును అను జ్ఞానము గాజుపెట్టెలో నిలువదు. కార్సెట్టు కుట్టువారికి తిమింగిలపు బద్ద తిరిగి రాదు, రాకూడదు. ఒక జీవజాతి ప్రాణమును వెలగా గొన్న ద్రవ్యమది. చిరివేరుమాట వేఱు. అది ఏ ప్రాణిని చంపకయే మన తీరపుటిసుకలో పెరుగు మొక్క. నిజాంపట్టణపు ప్రాంతమున దానిని మరల సాగుచేయించి, పెడన యద్దకపువారిచే రంగు తీయించి, వారు కనుగొన్న మెలకువలను తెలుగున వ్రాయించి ముద్రించుట, బట్టలవలన కీర్తిగన్న ఈ తీరమున నివసించు మనకు విధి.